మక్క చేను చుట్టూ కరెంటు వైరు పెట్టే మా చుట్టుపక్కల రైతులకు బహిరంగ లేఖ

పాకాల అడవి అంచున, నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో మక్కలు వేసే అన్నలకు, తమ్ముళ్లకు, అక్కలకు, వదినలకు నమస్కారం.

యాసంగి మక్కలు ఇప్పుడు జల్లు, అంటే మగపూత, వేస్తున్నాయి. ఇంకో పదిహేను ఇరవై రోజుల్లో గింజ పాలు పోసుకుంటుంది. ఆ సంగతి మనకంటే ముందు అడవిపందికి తెలుస్తుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే అటకల మీద నుంచి, పశువుల కొట్టం మూలల నుంచి బైండింగ్ వైరు చుట్టలు కిందికి దిగుతాయి. మొన్నటి వానాకాలం దాకా నా చుట్ట కూడా అలాగే దిగేది.

ఈ ఉత్తరం ఆ వైరు గురించి. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. వరసగా మూడు పంటలకు నేను వైరు పెట్టాను. మా ఇంట్లోవాళ్లకు, పక్క చేనువాళ్లకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు నేనే చెప్తున్నాను కాబట్టి దాచేదేమీ లేదు.

నాది పెద్ద సేద్యం కాదు. రెండెకరాల వరి, ఇంటి వెనక బావి దగ్గర పది గుంటల్లో, అంటే పావెకరంలో, స్వీట్ కార్న్. దాన్ని మా మనవరాలు తియ్యమక్క అంటుంది. కొంత ఇంట్లోకి, కొంత చుట్టాలకు, మిగిలింది రోడ్డు మీద కంకులు కాల్చి అమ్మే వాళ్లకు. పది గుంటల్లో ఏడు వేల చిల్లర మొక్కలు, మొక్కకు ఒక మంచి కంకి, కంకికి ఆరో ఏడో రూపాయలు. కాగితం మీద నలభై వేలు దాటుతుంది. కాగితం మీద అని ఎందుకన్నానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మామూలు మక్కకు, తియ్యమక్కకు పంది దగ్గర చాలా తేడా ఉంది. మామూలు మక్కను గింజ గట్టిపడ్డాక కూడా తింటుంది గానీ ఇంత పిచ్చిగా ఎగబడదు. తియ్యమక్కనైతే మనం కోసేదే పాల మీద ఉన్నప్పుడు. దాని నోటికి ఎప్పుడు రుచో, మన సంచికి ఎత్తేదీ అప్పుడే. మంద వచ్చిపోయిన చేను తెల్లారి చూసినవాళ్లకు తెలుసు. మొక్కను మూతితో నెట్టి, ఛాతీతో తొక్కి పడుకోబెడుతుంది. ఒక కంకి తింటే నాలుగు మొక్కలు పోతాయి. సగం ఒలిచిన కంకి మీద పళ్ల గాట్లు, వాటిలోంచి తెల్లటి పాలు కారి చీమలు పట్టి ఉంటాయి. 2024 వానాకాలంలో ఒక్క రాత్రిలో మూడో వంతు పోయింది. మర్నాడే వెళ్లి వైరు కొన్నాను.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను కాకినాడ వైపు తీరం దాటింది. మర్నాడు మన వరంగల్ మీద ఎలా కురిసిందో మీరంతా చూశారు. ముందు రోజు నుంచే టీవీల్లో, ఫోన్లలో హెచ్చరికలు మోగుతున్నాయి. నా కంకులు అప్పటికే చేతికొచ్చాయి. గోరుతో గిచ్చితే పాలు చిమ్ముతున్నాయి. "కోసేద్దాం" అని మా ఆవిడ అంది. "ఇంకో రెండు రోజులు ఆగితే నిండుగా ఊరతాయి" అన్నాను నేను. ఆశ. ఆ ముందు రాత్రే పందులు ఒక మూల నుంచి దూరాయి కాబట్టి 29 సాయంత్రం, వాన కాస్త తెరిపిచ్చిన వేళ, ఆరున్నరకు వెళ్లి స్విచ్ వేసి వచ్చాను. అంత తడిలో వేయకూడదని నాకు తెలుసు. తెలిసే వేశాను.

ఎనిమిదింటికి కరెంటు పోయింది. మళ్లీ కుండపోత. ఏమీ తోచక తిని పడుకున్నాం. స్విచ్ సంగతి నా బుర్రలో నుంచి పూర్తిగా జారిపోయింది.

తెల్లవారుజామున ఫ్యాన్ తిరిగిన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఫ్యాన్ వైపు చూస్తూ పడుకుని ఉండగా, కరెంటు వచ్చిందంటే వైరులోకి కూడా వచ్చిందని తట్టింది. ఎలా లేచానో, ఎలా పరుగెత్తానో గుర్తు లేదు. స్విచ్ ఆపి, తెల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. వెలుగు వచ్చాక చూస్తే చేనులో పిక్కల లోతు నీళ్లు. నీళ్ల మీద కప్పలు, తెల్లటి పొట్టలు పైకి పెట్టి. గెట్టు ఒకచోట పారతో కోసి ఉంది, నీళ్లు అటు వాగులోకి పోతున్నాయి. నేను కోయలేదు. ఆ కోతకు ఇవతల వైరు కిందికి గుంజుకుపోయి, ఒకచోట మనిషి కాలికి తగిలినట్టు వంగి ఉంది. పక్కనే బురదలో ఒక హవాయి చెప్పు కూరుకుపోయి ఉంది. నీలం పట్టీ. మా తమ్ముడి కొడుకుది.

వాడికి పందొమ్మిదేళ్లు. నర్సంపేటలో డిగ్రీ చదువుతున్నాడు. రాత్రి పదిన్నరకు వాళ్ల పొలం చూసుకోవడానికి పోయి, నా చేను మునుగుతోందని చూసి, నన్ను లేపడం ఎందుకులే అని తనే గెట్టు తెంపి వెళ్లాడు. వైరు కాలికి తగిలి పడ్డాడట. "కరెంటే లేదు కద పెద్దనాయనా, ఏం టెన్షన్" అని నవ్వాడు. స్విచ్ వేసే ఉందని వాడికి చెప్పలేకపోయాను. వాన ఇంకాస్త తక్కువ పడి, కరెంటు ఆ రాత్రి పోకుండా ఉంటే ఏమయ్యేదో మీరే అనుకోండి. ఇక్కడ నాకు రాయబుద్ధి కావడం లేదు.

వైరు పెట్టేవాళ్లంతా అనే మాట నాకు తెలుసు, నేనూ అన్నదే కదా: రాత్రి పదకొండుకు వేసి నాలుగింటికి తీసేస్తాం, ఆ వేళ ఎవడు తిరుగుతాడు? తిరిగేవాళ్ల పేర్లు ఒకసారి మనసులో అనుకోండి. మోటరు చూసుకోవడానికి పోయేవాళ్లు. తప్పిపోయిన బర్రెను వెతికేవాళ్లు. చీకటితోనే తాటిచెట్టు దగ్గరికి పోయే గీత కార్మికుడు. మార్చి వచ్చిందంటే తెల్లారకముందే గంపలు పట్టుకుని ఇప్పపువ్వు ఏరడానికి మన చేల మీదుగానే అడవిలోకి నడిచే ఆడవాళ్లు, వాళ్ల వెనక పిల్లలు. మన మక్క పాలు పోసుకునేదీ ఇప్పపువ్వు రాలిపడేదీ ఇంచుమించు ఒకే కాలం. ఇక గాలివాన పట్టిన రాత్రయితే ఊరు ఊరంతా పారలు పట్టుకుని పొలాల్లోనే ఉంటుంది. పంట మునిగేటప్పుడు గెట్టు తెంపే మనిషి ఎవరి చేను, ఎవరి వైరు అని చూస్తాడా? పందికోసం వేసిన వైరుకు వాన రాత్రి దొరికేది పంది కాదు.

చట్టం గురించి ఒక్క ముక్క. అలా లైన్ నుంచి వైరుకు కరెంటు ఇస్తే విద్యుత్ చట్టం కింద ఒక కేసు. పంది చస్తే వన్యప్రాణి చట్టం కింద ఇంకోటి. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత, జైలు. 2025 మే నెలలో ఆసిఫాబాద్ జిల్లా పెంచికలపేట వైపు కరెంటు వైరుకు పెద్దపులి బలైంది. వైరుకు పులి అని, పంది అని, తమ్ముడి కొడుకని తేడా తెలియదు. జైలుకు భయపడి తీసేయండని నేను అనడం లేదు. నన్ను ఏ పోలీసూ అడగలేదు, ఏ లైన్‌మనూ పట్టుకోలేదు. మూడు పంటలూ తప్పించుకున్నాను.

సరే, వైరు తీసేస్తే పందిని ఏం చేయాలి? అలా అడిగే మీ నోరు మూయించే మంత్రం నా దగ్గర లేదు. ఈ యాసంగికి నేను చేసింది చెప్తాను. కొన్ని పనిచేశాయి, కొన్ని చేయలేదు.

ముందు కొట్టే కరెంటుకు, చంపే కరెంటుకు తేడా. సోలార్ కంచె అని ఊళ్లోకి బండ్ల మీద తెచ్చి అమ్ముతున్నది, మంచిదైతే, 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. అందులో కరెంటు ఆగకుండా పారదు. సెకనుకు ఒకసారి, చిటికె వేసినంత సేపు కూడా కాదు, కొట్టి ఆగుతుంది. ఆ ఆగిన సందులో చెయ్యి వెనక్కి లాక్కోవచ్చు, పంది మూతి వెనక్కి లాక్కుంటుంది. ఇంటి లైన్ అలా వదలదు. కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నేనూ మా తమ్ముడూ కలిసి ఒక డబ్బా కొన్నాం. జానెడు ఎత్తున ఒక తీగ, మూరెడు ఎత్తున ఇంకోటి. పందికి ఈ రెండే చాలు, మూతి ఆనేది అక్కడే. కాకపోతే తీగ కింద గడ్డి పెరిగి తాకితే కరెంటంతా భూమిలోకి పోతుంది, కంచె ఉత్త తీగ అవుతుంది. వారానికోసారి కొడవలి పట్టాల్సిందే. బద్ధకస్తులకు సోలార్ కంచె పనికిరాదు. తరుముకొస్తున్న మంద ఒక్కోసారి తీగను తెంపుకునే పోతుంది, అది కూడా చెప్పాలి.

సోలార్ డబ్బా పేరు చెప్పి లోపల ఇంటి లైన్ కలిపేవాళ్లు ఉన్నారు. అది నేను చేసినదానికంటే పాపం, ఎందుకంటే చూసినవాడు సోలారే కదా అని ధైర్యంగా ముట్టుకుంటాడు.

రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పందులు, పక్షులు, ఎలుకలు చేసే పంట నష్టం మీదే పనిచేసే అఖిల భారత ప్రాజెక్టు ఒకటి ఏళ్లుగా ఉంది. మక్క చుట్టూ ఆముదం వరసలు వేయమని వాళ్లు చెప్తారు, వేరుశనగ చుట్టూ కుసుమలు వేయమంటారు. ఆముదం పంది తినదు, ఆ ఘాటు వాసనకు లోపలి మక్క వాసన దానికి సరిగ్గా అందదు. నాలుగు వరసలు వేశాను, మక్క కంటే మూడు వారాల ముందు. ముందు వేయడమే కిటుకు. మక్కతో పాటు పెడితే మక్క పాలు పోసుకునే నాటికి ఆముదం మోకాలెత్తే ఉంటుంది, దానికి పంది ఏం భయపడుతుంది? మూడు వైపులా ఆముదం దట్టంగా లేచింది. నాలుగో వైపు బండి పోవడానికి దారి వదిలాను. అడుగుజాడలు ఆ దారిలోనే ఉన్నాయి. తప్పు ఆముదానిది కాదు.

పంది పేడ నీళ్లు చల్లడం, చీరలు కట్టడం, మనిషి వెంట్రుకలు పోయడం అన్నీ చేశాను. నాలుగు రోజులు మంచిగా పనిచేస్తాయి, ఆ తర్వాత పంది అలవాటు పడుతుంది. అందుకే అవన్నీ మొదటి నుంచీ మొదలుపెట్టకండి. పీచు గోధుమ రంగుకు తిరిగాక, కోతకు ముందు ఉండే ఆ పది పన్నెండు రోజుల కోసం దాచుకోండి. కొత్తదంటే పందికి అనుమానం. ఆ అనుమానమే మన కాపలా.

చిలకల సంగతి వేరు. చిలక ఎక్కువ తినదు. కంకి కొస దగ్గర పొట్టు చీల్చి నాలుగు గింజలు కొరుకుతుంది, అంతే. ఆ చీలికలో వాన నీళ్లు దిగితే రెండు రోజుల్లో కొస నల్లబడి బూజు పడుతుంది, కొనేవాడు చేతిలోకి కూడా తీసుకోడు. మా అమ్మ పాతకాలపు పద్ధతి ఒకటి చెప్పేది. మొక్కకున్న ఆకునే తీసి కంకి చుట్టూ రెండు చుట్లు చుట్టి, కొసను మడిచి దోపడం. పీచు ఎండాకే చేయాలి, లేతగా ఉన్నప్పుడు చుడితే పుప్పొడి పడక కంకి సగం బోడిగా మిగులుతుంది. చేనంతా చుట్టక్కర్లేదు. చిలకలు ముందు వాలేది గట్టు వెంబడి వరసల మీదే కాబట్టి బయటి మూడు నాలుగు వరసలు చాలు. నేనూ మా ఆవిడా ఒక పొద్దుటి పూటలో ముగించాం. మెరుపు రిబ్బన్లు కూడా కట్టాం, అవి గాలికి బుర్రుమంటాయి, పిల్లలకు సరదా. వారం పదిరోజుల తర్వాత చిలకలకు కూడా సరదానే.

కోతి గురించి ఏం రాయమంటారు? హరితహారం మొదలుపెట్టిన రోజుల్లో "వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె" అనేవాళ్లు. వానలు మాత్రం వాపస్ వచ్చాయి, సరిగ్గా కోతకు రెండు రోజుల ముందు. కోతులు మా కప్పు మీదే ఉన్నాయి. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి అడవిలో వదిలే కేంద్రం పెట్టారు, మంచిదే. కానీ జిల్లాకో కేంద్రం లేకపోతే మన దాకా ఎప్పటికి వస్తుంది? కోతికి కంచె లేదు, ఆముదం లేదు, మనిషే ఉండాలి. మంచె మీద వంతులవారీగా. మా నాలుగు ఇళ్లవాళ్లం వంతులు వేసుకున్నాం. పగటి వంతు ముసలివాళ్లకు, చదువుకునే పిల్లలకు ఆదివారం. పదకొండు రోజులే కదా.

ఇక వాన, గాలి. పోయిన పంటలో నేను పందికి భయపడ్డంత వానకు భయపడలేదు. అసలు తప్పు అక్కడే ఉంది. పది గుంటల్లో నాలుగు వైపులా గెట్టు గట్టిగా వేసి, నీళ్లు బయటికి పోయే దారి పెట్టలేదు. నీళ్లు నిలిస్తే మక్క వేరు ఊపిరాడక కుళ్లుతుంది. ఇప్పుడు బోదెలు తీసి బోదె మీద విత్తనం పెట్టాను. చేనుకు పల్లం ఉన్న మూల మూరెడు లోతు కాలువ తవ్వి వాగుకు కలిపాను. అర్ధరాత్రి గెట్టు తెంపాల్సిన పనే లేకుండా. ఆ కాలువ ఖర్చు ఒక రోజు కూలీ. నిరుడు ఆ కూలీ మిగిలిందని సంబరపడ్డాను.

నెల రోజులకు, మొక్క మోకాలి దాకా వచ్చినప్పుడు, మొదలు దగ్గరికి మట్టి ఎగదోస్తే ఆ మట్టిలోకి కొత్త వేర్లు దిగుతాయి. గాలికి పడకుండా పట్టుకునేవి అవే. జల్లు రాకముందే గాలికి వంగిన మొక్కను మాత్రం లేపి నిలబెట్టే ప్రయత్నం చేయకండి. రెండు మూడు రోజుల్లో తల తనే పైకి తిప్పుకుంటుంది, మనం లేపితే ఉన్న వేర్లు తెగుతాయి. ఈ సంగతి నేను నలభై ఏళ్లు సేద్యం చేసి నిరుడు తెలుసుకున్నాను, నవ్వకండి. చేను పొడుగ్గా రెండు మూడు వరసలు వేసేకంటే చదరంగా, దగ్గర దగ్గరగా వేస్తే మొక్కలు ఒకదానికొకటి ఆసరా, పుప్పొడి కూడా బాగా అందుతుంది.

వడగళ్లకు మాత్రం మందు లేదు. 2023 మార్చిలో పడ్డ వడగళ్లు మరిచిపోయారా? అప్పటి ముఖ్యమంత్రి మన దుగ్గొండి మండలం అడవి రంగాపురం దాకా వచ్చి పడిపోయిన మక్క చూసి ఎకరాకు పది వేలు ప్రకటించారు. రాష్ట్రంలో నష్టపోయిన పంటలో సగానికి పైగా మక్కే. ఆ దెబ్బ తర్వాత నేను పది గుంటలను రెండు ముక్కలు చేసి పదిహేను రోజుల తేడాతో వేస్తున్నాను. వడగండ్లు ఒక ముక్కను కొట్టినా ఇంకోటి మిగులుతుందని. కాకపోతే కాపలా రోజులు పెరుగుతాయి. ఇంకో తిరకాసు ఉంది. చుట్టూ మామూలు మక్క ఉన్నప్పుడు అదే సమయానికి మన తియ్యమక్క పూతకొస్తే ఆ పుప్పొడి పడి గింజ తీపి పోతుంది, ఊరికే పిండిగా ఉంటుంది. సమయం మార్చి వేస్తే తీపి నిలుస్తుంది, కానీ ఊరంతటికీ అప్పుడు పాల మీద ఉన్న చేను మనదొక్కటే అవుతుంది, పందులన్నీ మన దగ్గరికే వస్తాయి. ఈ రెంటిలో ఏది మేలో ఒక్కడు తేల్చుకోలేడు. తియ్యమక్క వేసేవాళ్లం అయిదారుగురం కూర్చుని ఒకే వారం విత్తితే కాపలా కలిసొస్తుంది. మామూలు మక్కవాళ్లు పదిహేను రోజులు ముందో వెనకో వేయడానికి ఒప్పుకుంటే తీపీ నిలుస్తుంది. మా దగ్గర ఈసారి ముగ్గురు ఒప్పుకున్నారు, ఒకాయన ఒప్పుకోలేదు. ఆయన చేనే నాకు ఆనుకుని ఉంది, నా అదృష్టం.

అన్నిటికంటే చౌకైన రక్షణ ముందుగా కోయడం. పీచు బయటికి వచ్చిన పద్దెనిమిది ఇరవై రోజులకు కంకి సిద్ధం. తుఫాను హెచ్చరిక వస్తే ఒకటి రెండు రోజులు ముందే కోసినా కంకి కాస్త లేతగా ఉంటుందే తప్ప పనికిరాకుండా పోదు. కంకికి రూపాయి తగ్గుతుంది, అంతే. అక్టోబరు 28న మా ఆవిడ మాట విని ఉంటే చేనులో పందికీ పని లేదు, వైరుకూ పని లేదు, మా చిన్నోడికీ అక్కడ పని లేదు. ఆ పంటలో చివరికి నాకు దక్కినవి మూడు వందల కంకులు.

ఈ ఉత్తరం అధికారులు కూడా చదివితే వాళ్లకు రెండు మాటలు. అయ్యా, రైతు వైరు పెట్టేది చంపాలని కాదు, అడగడానికి వేరే గుమ్మం కనపడక. నీటి వసతి ఉన్న పంట ప్రకృతి వైపరీత్యానికి 33 శాతం మించి పోతే 2022-26 విపత్తు నిధి లెక్క హెక్టారుకు 17,000 రూపాయలు. నా పది గుంటలకు ఆ లెక్కన 1,700, కనీస సాయం నిబంధన పట్టినా 2,000 మించదు. ఒకసారి పంది నష్టానికి ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాను. ఫొటో అడిగారు. ఫొటో తెస్తే అందులో తేదీ లేదన్నారు. తేదీతో తీసుకుపోయేసరికి చేను దున్నేశానని, చూడటానికి ఏముందని అన్నారు. వాళ్ల తప్పు కూడా కాదేమో, వాళ్ల దగ్గర దానికి కాలమ్ లేదు.

ఇప్పుడు కాలమ్ వస్తోంది. అడవి జంతువుల వల్ల పోయిన పంటకు ఫసల్ బీమాలో అదనపు రక్షణ ఇస్తామని, 2026 వానాకాలం నుంచి అమలు చేస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏయే జంతువులు, ఏయే జిల్లాలు అన్నది రాష్ట్రాలే నోటిఫై చేయాలి. నష్టం జరిగిన 72 గంటల్లో రైతు ఫోన్ యాప్‌లో స్థలం నమోదయ్యేలా ఫొటోలు పెట్టాలి. మన రాష్ట్రం 2020లో ఆ బీమా నుంచి బయటికి వచ్చింది. ఈ రక్షణ మన చేలకు దక్కేలా చూడండి. జాబితాలో అడవిపందితో పాటు కోతిని రాయండి, వరంగల్, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి అడవి అంచు మండలాలను రాయండి. గుంటల్లో ఉన్న చేనును కూడా చేనుగా లెక్కించండి. 72 గంటల్లో ఫొటో పెట్టడం రానివాళ్లకు రైతు వేదికలో ఒక మనిషిని కూర్చోబెట్టండి. పంటను పాడుచేసే జంతువును వేటాడటానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఇచ్చే దారి ఉంది. కేరళ 2022లో ఆ అధికారాన్ని పంచాయతీల దాకా దించింది. ఆ దారి మన ఊళ్లో ఎక్కడ మొదలవుతుందో, ఎవరి దగ్గరికి పోవాలో గ్రామ పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. అది కనపడితే చాలామంది వైరు కొనే ముందు అక్కడ ఆగుతారు.

మళ్లీ మన దగ్గరికి వస్తాను. ఈ ఉత్తరం మీ అందరికంటే ముందు మా తమ్ముడి కొడుక్కు చదివి వినిపించాను. ఆ రాత్రి స్విచ్ వేసే ఉందన్న సంగతి వాడికి అప్పుడే తెలిసింది. చాలాసేపు ఏమీ అనలేదు. కొట్టంలో నేను కడిగి పెట్టిన నీలం పట్టీ చెప్పు వైపు ఒకసారి చూశాడు. తర్వాత "కటింగ్ ప్లేర్ ఎన్నున్నయ్ మనకాడ?" అని అడిగాడు.

రెండు ఉన్నాయి. ఈ ఆదివారం పొద్దున ఏడింటికి మేమిద్దరం ఊరి బొడ్రాయి దగ్గర ఉంటాం. వైరు తీసేయాలనుకున్నవాళ్లు వచ్చి చెప్పండి, మీ చేనుకు వచ్చి స్తంభం నుంచి చివరిదాకా చుట్టి ఇస్తాం. ఎవరు వచ్చారో ఎవరికీ చెప్పం. పగలు అందరి ముందు రావడం ఇబ్బందైతే రాత్రి ఫోన్ చేయండి. కానీ మేము వచ్చే ముందు స్విచ్ ఆపి ఉంచండి.